కలుపు జాబితా

నా చేతులు ఊరికే ఉండవు. ఎక్కడైనా ఒక వస్తువు పనీపాటా లేకుండా పడి ఉంటే, దాన్ని తీసి అవతల పడేసేదాకా నాకు తిన్నది ఒంటబట్టదు. మా ఆయన పేపరు చదువుతూ మంచినీళ్ళకి లేచి వెళ్ళొచ్చేసరికి ఆ పేపరు పాత కాగితాల దొంతరలో చేరిపోయి ఉంటుంది. "ఏదో ఒక రోజు నన్ను కూడా కట్టగట్టి గుమ్మం బయట పెడతావు" అనేవాడాయన. దాన్ని నేను మెచ్చుకోలుగానే తీసుకునేదాన్ని. ఇప్పుడాయన ఆ మాట అంటే లేచి పక్కగదిలోకి వెళ్ళిపోతున్నాను. ఎందుకో చెప్పడానికి నాకింకా నోరు రాలేదు. చేసిందెలాగూ నేనే కాబట్టి ముందు ఇక్కడ చెప్పుకుంటాను.

నేనొక లైబ్రరీకి ఇన్‌ఛార్జిని. రెండంతస్తుల పాత భవనం, ముందు ఓ మాదిరి తోట. పనిచేసేది ముగ్గురం. నేను, కేటలాగు చూసే అక్క, తోటమాలి. అక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది, మాట పొదుపు. నలుగురిలో నన్ను "మేడమ్" అంటుంది గానీ, ఆ "మేడమ్"లో కాస్త ఉప్పు ఎక్కువే ఉంటుంది.

ఇక తోటమాలి. ముప్ఫై ఏళ్ళు లారీ తోలిన మనిషి. ఆయన భార్య పదకొండేళ్ళు ఈ తోటలో పనిచేసి, జబ్బుచేసి పోతే, ఆ పని ఈయనకిచ్చారు. అదంతా నేను బదిలీ మీద రాకముందు సంగతి. ఏ మొక్క పీకాలన్నా ఆయన దాని ముందు ఆగిపోయేవాడు. వంగి చూసేవాడు, ఆకు తిప్పి చూసేవాడు, పీకకుండా ముందుకి జరిగేవాడు. మర్నాడు వచ్చి పీకేవాడు, లేదంటే వదిలేసేవాడు. అది చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది.

"కలుపంటే చూడగానే తెలియాలి. ఇంత ఆలోచన దేనికి నీకు?" అన్నాను ఒకరోజు, వరండాలో పేపర్లు చదువుకునేవాళ్ళందరి ముందూ.

"పీకాక మళ్ళీ నాటలేం కదమ్మా."

"ప్రతి మొక్క దగ్గరా బ్రేకు వేయడానికి ఇదేమైనా లారీయా?"

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. ఆ రోజు నుంచి ఆయన పేరు బ్రేకు అయిపోయింది. నాకంటే పదేళ్ళు పెద్దవాడు, నువ్వు అనేదాన్ని.

మా వృత్తిలో వీడింగ్ అని ఒక పని ఉంది. తోటలో కలుపు తీయడానికి ఇంగ్లీషులో వాడే మాటే మేమూ పుస్తకాలకి వాడతాం. మడిలో కలుపు నీళ్ళు తాగేసినట్టు, ఎవరూ చదవని పుస్తకం అరలో చోటు తినేస్తుందని, దాన్ని ఏరి పారేయాలని నియమం. ఏది ఎవరూ చదవనిదో తేల్చేది గడువు చీటీ. ప్రతి పుస్తకం చివరి అట్ట లోపల ఆ చీటీ అంటించి ఉంటుంది, పుస్తకం ఇంటికి వెళ్ళినప్పుడల్లా దాని మీద తేదీ ముద్ర పడుతుంది. అయిదేళ్ళుగా ముద్ర లేకపోతే ఆ పుస్తకం కలుపు. పేజీల మీద రాతలు, గీతలు ఉంటే మరీ కలుపు.

మొన్న ఎండాకాలం చివర్లో పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. కంప్యూటర్లు పెట్టడానికి చోటు కావాలి, రెండు వారాల్లో ఆరువందల పుస్తకాలు తీసేయండి అని. మిగతా లైబ్రరీలవాళ్ళు గడువు పెంచమని మొత్తుకున్నారు. నేను తొమ్మిది రోజుల్లో పూర్తిచేశాను. నిజం చెప్పాలంటే అంత సంతోషంగా నేను ఈ ఉద్యోగంలో ఎప్పుడూ పనిచేయలేదు. అక్క అరలన్నీ గాలించి ఒక్కో పుస్తకం తీసి నా చేతికిచ్చేది. నేను చివరి అట్ట తెరిచి చీటీ చూడటం, "తొలగించినది" అని ముద్ర గుద్దటం, లెక్క కోసం మొదటి పేజీ చింపి ఫైల్లో పెట్టటం. ఒక్కో పుస్తకానికి అర నిమిషం.

ఏడో రోజు అక్క ఒక లావుపాటి పుస్తకం ఇచ్చింది. తోట మొక్కల గురించి, రంగు బొమ్మలతో. చీటీ శుభ్రంగా ఖాళీ, ఒక్క ముద్ర లేదు. లోపల తిరగేస్తే పేజీ పేజీకీ అంచుల్లో పెన్సిల్ రాతలు. రెండు నేరాలూ ఒకదాని మీదే ఉన్నాయి.

"ఇది ఎవరో చదువుతున్నట్టున్నారు మేడమ్. దుమ్ము లేదు చూడండి" అంది అక్క.

"దుమ్ము లేదంటే నువ్వు బాగా తుడుస్తున్నావని అర్థం" అన్నాను. ఆ జవాబు నాకే ముచ్చటేసింది. ఊరుకోవచ్చు కదా. అలసిపోయి ఉన్నాం, కాస్త నవ్వుకుందామని ఆ పెన్సిల్ రాతలు గొంతు మార్చి పైకి చదవడం మొదలుపెట్టాను. గులాబీ బొమ్మ పక్కన, 'దీనికి నీళ్ళు ఎక్కువ పోస్తే పుట్టింటికొచ్చిన ఆడపడుచులా పెత్తనం చేస్తుంది' అని ఉంది. తుంగ పక్కన, 'పైన పీకితే నవ్వుకుంటుంది. గడ్డ తవ్వు.' ఇంకోచోట, 'పుస్తకం దీన్ని కలుపు అంటోంది. పుస్తకానికేం తెలుసు.'

"పుస్తకానికేం తెలుసట!" అని నేను పగలబడి నవ్వాను. అక్క నవ్విందో లేదో చూడలేదు. ఓ అరడజను చదివి, ముద్ర గుద్ది, మొదటి పేజీ చింపి, పుస్తకాన్ని కుప్ప మీద వేశాను. రెండు రోజుల తర్వాత కాగితం మిల్లు వ్యాను వచ్చింది. కట్టలు మోసింది బ్రేకే. నేను అన్నిటినీ అట్టపెట్టెల్లో పెట్టి టేపు వేయించాను, అందుకని లోపలేముందో ఆయనకి కనపడలేదు.

మర్నాడు నేను భోజనం ముగించి చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వస్తే, ఆయన మొక్కల అర ముందు నిలబడి ఉన్నాడు. ఒంటిగంట నుంచి రెండు దాకా లైబ్రరీ మూసేస్తాం. నేనూ అక్కా వెనక గదిలో డబ్బాలు విప్పుకుంటే, హాలు కాపలా ఆయనది. రెండేళ్ళుగా ఆ గంట ఆయన ఏం చేస్తున్నాడో నేనెప్పుడూ తొంగిచూసిన పాపాన పోలేదు.

"అమ్మా, ఇక్కడ మొక్కల పుస్తకం ఉండాలి. పెద్దది" అన్నాడు.

"దేనికి?"

"రోజూ చూసుకుంటానమ్మా. ఏది పీకాలో ఏది ఉంచాలో అందులో మా ఆవిడ రాసిపెట్టింది. నాకు ఈ పని ఏం వచ్చు, అంతా దాన్ని చూసే."

తేలు కుట్టిన దొంగ సంగతి వినడమే తప్ప అప్పటిదాకా నాకు అనుభవం లేదు. ఇంటికి తీసుకెళ్ళడానికి ఆయనకి కార్డు లేదు, కాంట్రాక్టు పనివాళ్ళకి మేం కార్డు ఇవ్వం. నిలబడి చదివి అరలో పెట్టేసిన పుస్తకానికి ముద్ర ఎవరు వేస్తారు? ఇరవై రెండేళ్ళుగా ఆ చీటీలు చూస్తున్న నాకు ఈ చిన్న ముక్క ఒక్కసారీ తట్టలేదు.

అప్పుడే చెప్పేయాల్సింది. అయ్యో, తెలియక తీసేశాను అని ఒక్క మాట. వ్యాను వెళ్ళి ఒక్కరోజే అయింది. కానీ ఆయన ముందు తప్పు ఒప్పుకోవడమా అని నా అహంకారం అడ్డుపడింది.

"ఎవరో ఇంటికి తీసుకెళ్ళారు. పదిహేను రోజుల్లో వస్తుంది" అన్నాను.

ఆయన నొచ్చుకుంటాడనుకున్నాను. ఆయన మొహం విప్పారింది.

"తీసుకెళ్ళారా? అంటే చదవడానికేనా?"

"మరి దేనికి?"

"మగమనిషా, ఆడమనిషా అమ్మా?"

"ఆడమనిషి" అన్నాను. అంత తేలిగ్గా ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"మా ఆవిడ వింటే ఎగిరి గంతేసేది" అని ఆయన తోటలోకి వెళ్ళిపోయాడు.

నేను ఫైలు తెరిచి ఆ పుస్తకం మొదటి పేజీ వెతికాను. చింపేటప్పుడు వెనక్కి తిప్పి చూడలేదు. వెనక పెన్సిల్‌తో రెండు వాక్యాలు ఉన్నాయి. 'ఈ పుస్తకం వేరే నేల కోసం రాసింది. మన తోటకి తగ్గట్టు నేను దిద్దుతున్నాను, తర్వాత వచ్చేవాళ్ళ కోసం.' నాకు సిగ్గేసింది. అయినా నోరు విప్పలేదు, అదీ నా గొప్పతనం.

ఆ సాయంత్రమే బస్సెక్కి మిల్లుకి వెళ్ళాను. గేటు దగ్గర మనిషి నన్ను ఎగాదిగా చూసి, "నిన్నటి సరుకా? పొద్దున్నే తొట్టిలో పడిపోయింది" అన్నాడు. తొట్టి చూపించమంటే చూపించాడు. బూడిదరంగు ముద్ద నెమ్మదిగా తిరుగుతోంది. కొత్త కాపీ తెప్పించనా అని అక్కని అడిగితే, "పుస్తకం దొరుకుతుంది మేడమ్. పెన్సిల్ దొరకదు" అంది. దుమ్ము మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండేది.

నాలుగు రోజులు పోయాక బ్రేకు నా బల్ల మీద ఒక చీటీ పెట్టాడు. "ఆవిడ పుస్తకం కోసం మళ్ళీ వస్తే ఇవ్వండమ్మా." మడత విప్పి చూశాను. లారీ ట్రిప్పులు రాసుకునే పాత లాగ్ పుస్తకంలోంచి చింపిన కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలు. 'గులాబీకి నీళ్ళ సంగతి తర్వాత మార్చింది. రోజు మార్చి రోజు చాలు అనేది. రాయడం మర్చిపోయింది.'

పదిహేను రోజులయ్యాయి. "ఆవిడ గడువు పెంచుకుంది" అన్నాను. దానికీ సంతోషించాడు. "పెంచుకున్నారా! అంటే బాగుందన్నమాట" అన్నాడు. మర్నాడు రెండో చీటీ వచ్చింది. 'తొందర లేదు. నిదానంగా చదవండి.' లేని మనిషికి ఆయన అంత మర్యాదగా రాస్తుంటే, ఉన్న నేను ఆయన కళ్ళలోకి చూడలేకపోయాను. ఆయన వరండా ఎక్కుతుంటే నేను పై అంతస్తుకి వెళ్ళిపోయేదాన్ని. ఒకరోజు పేపర్లు చదివే పెద్దమనిషితో ఆయన అంటుంటే విన్నాను, "మా ఆవిడ రాసింది ఎవరో ఇంటికి తీసుకెళ్ళి మరీ చదువుతున్నారండీ." మెట్ల మీద గోడకి ఆనుకుని నిలబడిపోయాను. సిగ్గుతో చచ్చిపోవడం అంటే అదేననుకుంటాను, కాకపోతే చావలేదు, ఐదున్నర దాకా డ్యూటీ చేశాను.

ఈలోగా వానలు మొదలయ్యాయి. పుస్తకం లేదు కాబట్టి బ్రేకు దేన్నీ పీకలేదు. రోజూ ఒక్కో మొక్క ముందు ఆగడం, వంగడం, ముందుకి జరగడం. "పుస్తకం రానీండమ్మా, ఒక్క వారంలో చేసేస్తా" అనేవాడు. గడ్డి మోకాలెత్తు పెరిగింది. తుంగ దారి మీదకి వచ్చేసింది. గులాబీలు ఏమయ్యాయో కనపడటం మానేశాయి. మూడో చీటీ అప్పుడే వచ్చింది. 'చదివినావిడ తోట చూడాలనుకుంటే మధ్యాహ్నం ఒంటిగంటకి రావచ్చు. ఏది ఏదో చూపిస్తాను. ఇప్పుడు కొంచెం పెరిగిపోయింది, ఏమనుకోవద్దు.'

ఆరో వారంలో పై ఆఫీసరు కంప్యూటర్లు చూడటానికి వచ్చాడు. హాలు చూసి మురిసిపోయాడు. నా జాబితా తిరగేసి, "అందరికంటే ముందు మీరే పూర్తిచేశారు. భేష్" అన్నాడు. ఆ భేష్ కోసం ఒకప్పుడు నేను ఏమైనా చేసేదాన్ని. బయటికొచ్చి తోట చూశాక ఆయన మొహం మారింది.

"దీన్ని చూసే మనిషెవరు?"

బ్రేకు బకెట్టు కింద పెట్టి దగ్గరికొచ్చాడు.

"నెల్లాళ్ళుగా ఒక్క మొక్క పీకినట్టు లేదే. జీతం దేనికయ్యా నీకు?" అని ఆఫీసరు నా వైపు తిరిగాడు. "మేడమ్, కలుపు తీయడంలో మీరు దిట్ట కదా. పుస్తకాల్లో తీశారు, ఇక్కడ కూడా తీసేద్దాం. పని సంతృప్తికరంగా లేదని ఒక ముక్క రాసి సంతకం పెట్టండి. ఎల్లుండి నుంచి ఇంకో మనిషిని పంపిస్తాను."

ప్యాడు నా చేతికిచ్చాడు. పెన్ను కూడా ఆయనే మూత తీసి ఇచ్చాడు. దాచి ఏం లాభం, ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. ఈయన వెళ్ళిపోతే ఇక ఎవరూ పుస్తకం అడగరు. చీటీలు రావు. నేను మెట్లెక్కి దాక్కోనక్కర్లేదు. ఒక్క సంతకం. 'పని' అనే మాట రాసేశాను కూడా.

బ్రేకు ఆఫీసరుతో అంటున్నాడు, "పుస్తకం రావాలండి. మేడమ్‌గారికి తెలుసు. ఎవరో ఆవిడ చదువుతున్నారు, రాగానే..."

ఆ "మేడమ్‌గారికి తెలుసు" దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

"పుస్తకం రాదు" అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు. ఆఫీసరుకి మొదటి నుంచి చెప్పాను. ఏది కలుపో ఆయన ఆ పుస్తకం చూసే తెలుసుకునేవాడని, దాన్ని నేను తీసేయించానని, అది మిల్లులో ముద్దయిపోయిందని, ఎవరో తీసుకెళ్ళారని ఆరు వారాలుగా అబద్ధం చెబుతున్నానని. "తోట ఇలా అవడానికి కారణం నేను. ఆ ముక్క నా మీద రాయమంటే రాసి సంతకం పెడతాను" అన్నాను. గురివింద గింజ తన నలుపు తాను చూసుకోదంటారు. నేను చూసుకున్నాను, కాకపోతే ఇద్దరు మగవాళ్ళ ముందు, ఇంత ఆలస్యంగా.

ఆఫీసరు ప్యాడు వెనక్కి తీసుకున్నాడు. జరిగిందంతా రాసి పంపమని నాతో, ఒక నెలలో తోట బాగుపడాలని ఆయనతో చెప్పి కారెక్కాడు.

బ్రేకు కదల్లేదు. పుస్తకం పోయినందుకు తిడతాడనుకున్నాను. తిట్టించుకోవడానికి సిద్ధంగా ఉన్నాను.

"అయితే చదివినావిడ లేదా అమ్మా?" అన్నాడు.

"లేదండీ" అన్నాను. ఆయనతో 'అండీ' అని మాట్లాడటం అదే మొదటిసారి. ఆయన గమనించలేదు. బకెట్టు తీసుకుని వెనక్కి తిరిగాడు, కొళాయి దగ్గర చాలాసేపు ఖాళీ బకెట్టు పట్టుకుని నిలబడ్డాడు.

మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకి నేను డబ్బా విప్పలేదు. సొరుగులోంచి మూడు చీటీలూ, ఫైల్లోంచి ఆ మొదటి పేజీ తీసుకుని తోటలోకి వెళ్ళాను. అక్క తలుపు దగ్గర నుంచి, "హాలు నేను చూస్తాలే, వెళ్ళు" అంది. మేడమ్ అనలేదు.

ఆయన గులాబీ మడి పక్కన కూర్చుని ఉన్నాడు. మొదటి పేజీ ఇచ్చాను. వెనక రాసింది చదువుకుని, మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. మూడో చీటీ చూపించాను.

"నేను చదివాను. అంతా కాదు, ఓ ఆరేడు చోట్ల. చదివింది నవ్వుకోవడానికి. గొంతు మార్చి అక్కకి వినిపించాను" అన్నాను. దాన్ని మెత్తగా చెప్పే దారి ఏదీ నాకు దొరకలేదు.

ఆయన మొహంలో కోపం ఉంటే నాకు తేలికయ్యేది.

"గుర్తున్నాయా?" అన్నాడు.

"ఉన్నాయి."

"చెప్పండి అయితే."

చెప్పాను. గొంతు మార్చకుండా, ఉన్నదున్నట్టు. ఆడపడుచు మాట చెబుతుంటే ఆయన పెదవి కాస్త కదిలింది. "మా చెల్లెలి మీద రాసింది" అన్నాడు. తుంగ మాట చెప్పాక లేచి పలుగు తెచ్చి నా పక్కన పెట్టాడు. నేను చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని కూర్చుని తవ్వాను. గడ్డ లోతుగా ఉంది, గోళ్ళలో మట్టి దూరింది. నాలుగో మాట, ఐదో మాట చెప్పాను. ప్రతిదానికీ ఆయన ఒక మొక్క దగ్గరికి వెళ్ళి, ఇదేనా అన్నట్టు చూసి, పీకడమో వదిలేయడమో చేశాడు. 'పుస్తకానికేం తెలుసు' అన్న మొక్క ఏదో నాకు బొమ్మ గుర్తుంది. మెట్ల పక్క వాలులో చిన్న చిన్న ఆకులతో పాకే మొక్క. ఆయన దాని చుట్టూ గడ్డి తీసి దాన్ని ఉంచాడు. "మట్టి జారకుండా పట్టుకుంటుంది" అన్నాడు.

నాకు గుర్తున్నవి అంతటితో అయిపోయాయి. మడిలో సగం కూడా కాలేదు. నా ముందు ఇంకో మొక్క ఉంది, జానెడు ఎత్తు, గరుకు ఆకులు, కొసన మొగ్గలాంటిదేదో ఉంది. కాండం దాకా చెయ్యి వెళ్ళింది. పీకలేకపోయాను.

"ఇది కలుపేనా అండీ?" అని అడిగాను.

ఆయన వచ్చి పక్కన కూర్చుని, వంగి చూశాడు. ఆకు తిప్పి చూశాడు.

"నాకూ తెలీదమ్మా" అన్నాడు. "పుస్తకంలో ఉండేది."

దాన్ని అలాగే వదిలేసి ఇద్దరం పక్కకి జరిగాం.